అక్షింతలు మింగిన డోరు

2023 ఎండాకాలం. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉంది. కార్లకు, జీపులకు, బడి బస్సులకు డోర్లు, అద్దాలు, లాకులు బాగు చేస్తాను. ఇంజను జోలికి పోను. బళ్ళారిలో ఉస్తాద్ దగ్గర ఈ పని నేర్చుకున్నాను, అప్పటి నుంచి ఇదే పని. ఇంజను ఆగిపోతే జనం బండిని తిట్టుకుంటారు. డోరు పడకపోతే మాత్రం డోరు చేసినవాణ్ణి తిడతారు. రోజుకు ఎన్నిసార్లు డోరు వేస్తారో అన్నిసార్లు నన్ను తలుచుకుంటారు.

నేను చదివింది ఐదో తరగతి దాకే. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నంత సులువుగా పెన్ను పట్టుకోలేను. తప్పులు ఉంటే సర్దుకుని చదవండి. డోరు గురించి మాత్రం తప్పు రాయను.

ఆ కారు ఎమ్మిగనూరు సరోజమ్మది. ఆమెకు షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు బాడుగకిచ్చే అంగడి ఉంది. పెండ్లి మెరవణికి, అంటే ఊరేగింపుకు, ఇవ్వడానికని బెంగళూరు నుంచి ఒక పాత ఓపెన్ కారు తెప్పించింది. ఎర్ర రంగు, రెండే డోర్లు. మీట నొక్కితే పైకప్పు మడతపడి వెనక్కి పోతుంది. మా వైపు అట్లాంటిది అదొక్కటే. పత్తికొండ నుంచి, ఆలూరు నుంచి కూడా వచ్చి అడిగేవాళ్ళు. అందరూ దాన్ని 'టాపు లేని కారు' అనేవాళ్ళు. టాపు ఉంది. లేకుండా ఉంటే నాకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

ఎందుకో చెప్తాను. మామూలు కారు డోరులో అద్దం చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది. ఓపెన్ కారుకు అది ఉండదు. దీన్ని ఫ్రేమ్‌లెస్ డోర్ అంటాం. అద్దం ఒంటరిగా పైకి లేచి, టాపు అంచున ఉండే రబ్బరు కింద దూరుతుంది. ఆ రబ్బరును మేము బీడింగ్ అంటాం. వాన నీళ్ళు లోపలికి రాకుండా అది అద్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అందుకని డోరు తియ్యాలంటే ముందు అద్దం కొంచెం కిందికి దిగాలి. హ్యాండిల్ లాగగానే అద్దం తనంతట తానే దిగుతుంది, డోరు వేశాక మళ్ళీ లేస్తుంది. అది దిగకపోతే రబ్బరులో ఇరుక్కుని డోరు రాదు. బలవంతంగా లాగితే అద్దం పగులుతుంది. ఇంకో సంగతి. టాపు తియ్యాలన్నా ముందు రెండు అద్దాలూ దిగాలి. ఒక్కటి దిగకున్నా టాపు కదలదు.

సరోజమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఎడమ అద్దం సగంలో ఆగిపోయి ఉంది.

"ఏం సేసినారక్కా దీనికి?" అన్నాను.

"నేనేం సేసినానప్పా. పెండ్లికి పోయింది, వచ్చింది. పెండ్లికి పోయినదానికే ఇట్ల అలిగితే ఎట్ల?"

డోర్ ప్యాడ్ తీశాను. ప్యాడ్ అంటే డోరుకు లోపలి వైపు ఉండే అట్ట. దాని వెనక రెగ్యులేటర్ ఉంటుంది, అద్దాన్ని పైకీ కిందికీ లాగే మిషను. నాకు రెగ్యులేటర్ కనపడలేదు. పసుపు బియ్యం కనపడింది. దాంట్లో బంతిపూల రేకులు, తళుకు కాగితాలు, ఒక ఎండు ఖర్జూరం.

"అక్కా, ఇది డోరా, గాదెనా?"

"పెండ్లికొడుకు నెత్తిన ఏసినారప్పా. ఏసేటోళ్ళ గురి అట్లుండాది. నేను పోయి చెయ్యి పట్టుకునేదా?"

మూసిన కారులో ఈ బాధ రాదు. ఓపెన్ కారులో అద్దాలు దించి, టాపు తీసి, వధూవరులను వెనక సీట్లో కూర్చోబెడతారు. దారి పొడుగునా అక్షింతలు వేస్తారు. తలల మీద పడినవి జారి, అద్దం దిగే సందులోకి పోతాయి. దానికి తోడు పూల డెకరేషన్ చేసే వీరేశు బంతిపూల దండలు నిలబడాలని అదే సందులో గుచ్చాడు. అంతా ఊడ్చి, కడిగి, గ్రీజు పూసి ఇచ్చాను. ఆ సందులో ఏమీ పెట్టొద్దని వీరేశుకు చెప్పమన్నాను.

వీరేశు చెప్పిన మాట విన్నాడు. సందులో పూలు పెట్టలేదు. పూలు తీసుకుపోయి బీడింగుకు రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించాడు. మరుసటి రోజు టేపు పీకితే బీడింగు కూడా వచ్చేసింది. నేను కొత్త బీడింగు వేసి, టేపు వాడొద్దని చెప్పి పంపాను.

కారు మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు అద్దాలూ పైదాకా లేవడం లేదు. బ్యాటరీ దగ్గర చూస్తే వైర్లన్నీ కెలికి ఉన్నాయి. కారు చుట్టూ సీరియల్ లైట్లు వేయడానికి వీరేశు బ్యాటరీ విప్పాడట.

"అద్దాలు మర్చిపోయినాయక్కా," అన్నాను.

"అద్దానికి మతిమరుపు ఏందప్పా, మా అత్త మాదిరి?"

"బ్యాటరీ తీస్తే అది యాడిదాకా లేయాల్నో మర్చిపోతుంది. మళ్ళా నేర్పియ్యాల."

డోరు మూసి, స్విచ్చు కిందికి నొక్కి, అద్దం అడుగంటాక కూడా కాసేపు వదలకుండా పట్టుకోవాలి. తరువాత పైకి అట్లాగే. పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు రెండు వైపులా దిద్దించాను. ఆ రోజు వీరేశు కూడా వచ్చాడు. మనిషి మంచివాడే. కాని కారును చేసింది పూలు తగిలించుకోవడానికే అని ఆయన నమ్మకం.

"లైట్లు లేకుంటే మెరవణిని ఎవురు సూస్తారన్నా?" అన్నాడు.

"అట్లయితే కారు ఏంటికి? ఎద్దులబండి మీద పెట్టు నీ లైట్లు. దానికి బ్యాటరీ లేదు, అద్దాలూ లేవు."

"ఎద్దులు బెదురుతాయన్నా," అన్నాడు వీరేశు. ఆలోచించే చెప్పాడు.

నాకు విసుగొచ్చింది. మనుషులు మారేటట్టు లేరు, డోరునే మారుద్దాం అనుకున్నాను. పాత లారీ ట్యూబు కోసి డోరు పొడుగునా ఒక పట్టీ చేశాను. అద్దాలు దించాక ఆ సందు మీద పరిచి రెండు చివర్లా కొక్కెం తగిలిస్తే చాలు. అక్షింతలు పడినా దాని మీద జారి కింద పడతాయి. మా ఇంటి నుంచి ఒక గిన్నెడు బియ్యం తెచ్చి డోరు మీద చల్లి చూశాను. ఒక్క గింజ లోపలికి పోలేదు. మా ఇంటామె షెడ్డుకు అన్నం తెచ్చి అది చూసి, "వండుకునే బియ్యం కారుకు ఏస్తాండావు, నీకేమన్నా అయ్యిందా?" అనింది. నేను పట్టించుకోలేదు. ఆ పట్టీ అంత బాగా కుదిరింది.

సరోజమ్మ దాన్ని చూసి, "ఇంక నీ మొగం సూసే పని ఉండదు కదా బాషా?" అంది.

"నాకు కావాల్సింది అదే అక్కా," అన్నాను.

వారంలో ఒక రోజు నేను ఎమ్మిగనూరుకు పోతాను. అక్కడి గ్యారేజీల వాళ్ళు డోరు పనులు నాకోసం ఉంచుతారు. ఆ వారం ఒక బడి బస్సు డోరు విప్పి కూర్చున్నాను. పొద్దున చినుకులు పడి ఆగిపోయాయి. సరోజమ్మ ఫోన్ చేసింది.

"బాషా, యాడుండావప్పా?"

"ఎమ్మిగనూర్లోనే అక్కా."

"బిరీన రా. పెండ్లికూతురు కారులోనే ఉండిపోయింది."

"దిగమను."

"దిగేతట్టుంటే నీకేంటికి ఫోన్ సేస్తా?"

బ్యాగు బండికి తగిలించుకుని పోయాను. మగ్గాలు ఉండే సందు అది. పెండ్లని ఆ రోజు మగ్గాల చప్పుడు లేదు. ఇంటి ముందర పందిరి, పందిరికి ఆనుకుని ఎర్ర కారు. టాపు వేసి ఉంది, అద్దాలు పైకి ఉన్నాయి. బ్యాండు వాళ్ళు వాయించడం ఆపి కారు చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక ముత్తైదువ ఎర్ర నీళ్ళ పళ్ళెం పట్టుకుని ఉంది, చెయ్యి నొప్పి పుట్టి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటోంది.

జరిగింది ఇది. పెండ్లి కోసిగిలో, పెండ్లికూతురి ఊళ్ళో అయింది. పెండ్లికూతురు శాంత. వాళ్ళమ్మా నాయనా కూలి పనులకు వలస పోయి వచ్చే మనుషులు, బిడ్డ పెండ్లికి ఈ కారే కావాలని చెప్పి పెట్టుకున్నారట. కోసిగిలో టాపు తీసి మెరవణి చేశారు. ఊరంతా అక్షింతలు వేసింది. ఎమ్మిగనూరు దారిలో చినుకులు మొదలయితే డ్రైవరు టాపు వేసి అద్దాలు లేపాడు. సందులో పడిన పసుపు బియ్యం తడిసి, అద్దంతో పాటు పైకి పోయి, ఇరుక్కుంది. అత్తగారి ఇంటి ముందర ఆపి డోరు తియ్యబోతే ఎడమ అద్దం దిగలేదు. అద్దం దిగక డోరు రాలేదు, టాపూ రాలేదు. డ్రైవరు స్విచ్చు నొక్కీ నొక్కీ మోటారును కూడా పడుకోబెట్టాడు. కుడి వైపు డోరు బాగానే ఉంది కాని అటువైపు పక్కింటి అరుగు అడ్డం. జానెడు తెరుచుకుంటుంది అంతే. పుల్ల లాగా ఉండే డ్రైవరు ఆ సందులోంచి ఎట్లాగో బయటికి వచ్చి, సరోజమ్మ కంట పడకుండా పందిరి గుంజ వెనక నిలబడ్డాడు.

పెండ్లికొడుకు అమ్మ పేరు నాగమ్మ. నన్ను చూడగానే, "ఇంకో గంటకు రాహుకాలమప్పా. ఆలోపల పిల్ల ఇంట్లో కాలు పెట్టాల," అంది.

"పెడుతుందమ్మా. బండిని రెండు అడుగులు ఎనక్కి తీస్తే ఆ పక్క డోరు తెరుచుకుంటుంది. రెండు నిమిషాల పని."

"గుమ్మడికాయ కొట్టినాక బండి ఎనక్కి పోకూడదు."

"అట్లయితే ముందుకి తీద్దాం."

"ముందర పందిరుండాది, కనపడలేదా?"

"పోనీ, నేను ఆ సందులోంచి లోపలికి దూరుతా."

ఆమె నా పొట్టను చూసింది. అందరూ చూశారు.

"ఈ డ్రైవరు దూరుతాడులేమ్మా," అన్నాను. "నేను సెప్తా, ఆయప్ప సేస్తాడు."

"కొత్త కోడలు దిగకముందు ఇంకొకరు బండి ఎక్కకూడదు."

"ఆయప్ప ఇంతసేపూ లోపలే ఉన్నాడు కదమ్మా."

"దిగినాడు కదా. దిగినోడు మళ్ళా ఎక్కకూడదు."

మా ఇండ్లలో పెండ్లిళ్ళకూ ఇట్లాంటి పెద్దమనుషులు ఉంటారు, నాకు కొత్త కాదు. కాని అన్ని దారులూ మూసి, నడుమ నన్ను నిలబెట్టి, బిరీన కానీ అనడం ఏం న్యాయం? పక్కన ఎవరో అద్దం పగలగొట్టమన్నారు. అంతమాట అన్నందుకు నాగమ్మ వాళ్ళను చూసిన చూపుకే అద్దం పగలాలి. ఆ ఒక్క విషయంలో నేను ఆమె పక్కనే. డోరు అద్దం పగిలితే బియ్యపు గింజల్లాగా ముక్కలవుతుంది. అవన్నీ ఆ పిల్ల ఒంటి మీద, కొత్త చీర మీద పడతాయి.

అంతలో వెనక ఆడవాళ్ళలో ఎవరో మెల్లగా అన్నారు. "ఇంటి దేవుడు ఒప్పుకోలేదేమో. లేకుంటే వాకిట్లో ఇట్లయితుందా."

నాగమ్మ ముఖం మారిపోయింది. ఇంతసేపు కారు మీద ఉన్న ఆమె కళ్ళు లోపలున్న పిల్ల మీదికి పోయాయి. కుడి డోరు జానెడు తెరిచే ఉంది కాబట్టి ఆ మాట లోపలికీ పోయింది. పిల్ల తల దించుకుంది.

నాకు భయం వేసింది అప్పుడే. డోరు ఎట్లా అయినా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కాని ఆ మాట ఈ వాకిట్లో గట్టిపడితే పోదు. రేపు ఇంట్లో పాలు విరిగినా, ఆవు తన్నినా ఆ పిల్లకే తగులుతుంది. రాహుకాలం లోపల, అద్దం పగలకుండా, ఆమె డోరులోంచే దిగాలి.

ఎడమ డోరు దగ్గరికి పోయాను. "అన్నా, ఆ పక్క పూలు పీకొద్దు, ఫోటోలు ఇంకా కాలేదు," అన్నాడు వీరేశు.

సందు మీద నా పట్టీ లేదు.

"పట్టీ యాడ వీరేశూ?"

"డిక్కీలో ఉండాదన్నా."

"డిక్కీకి అక్షింతలు ఏస్తారా? ఏంటికి తీసినావు?"

"నల్లదన్నా అది. పెండ్లి బండికి నల్లది పెడితే ఊరుకుంటారా? కోసిగిలో పెండ్లికూతురు మేనత్త సూసి, తీసి పారేయమనింది. పారేయలేదు, నీ మీద మర్యాదతో డిక్కీలో పెట్టినా."

సరోజమ్మ నా వైపు చూసింది, నేను వీరేశు వైపు చూశాను. తిట్టడానికి కూడా టైము లేదు.

పని లోపలి నుంచే చెయ్యాలి. ప్యాడు విప్పి, అద్దాన్ని రెగ్యులేటరుకు పట్టి ఉంచే రెండు బోల్టులు వదులు చేస్తే, అద్దాన్ని చేత్తో దించొచ్చు. లోపల ఉన్నది ఇద్దరే. అరుగు మీద కూర్చుని, కుడి డోరు సందులోంచి స్క్రూడ్రైవరు, పది నంబరు పానా పెండ్లికొడుకు మల్లికి ఇచ్చాను. మెడలో దండ, నుదుట బాసికం, ముఖమంతా చెమట. స్క్రూడ్రైవరు తీసుకున్నాడు, చెమట చేతిలోంచి జారి అది సీటు సందులో పడిపోయింది.

"ఇట్లియ్యి," అంది శాంత. వంగి, సందులో చెయ్యి పెట్టి తీసింది. "అన్నా, నేను సేస్తా సెప్పు. ఊర్లో జాకిట్లు కుట్టేదాన్ని. మిషను సెడిపోతే నేనే ఇప్పి బిగించుకుంటాంటి."

"ముందు సీట్లోకి పోవాలమ్మా."

ఆమె ముందు సీట్లోకి దూరబోయింది. కొంగుముడి ఉంది కదా. మల్లి కూడా వెనకాలే వచ్చి రెండు సీట్ల నడుమ బోర్లా పడ్డాడు.

"అమ్మా, ముడి విప్పేదా?" అని అరిచాడు.

"విప్పకూడదు," అంది నాగమ్మ.

"అట్లే వంగి ఉండప్పా," అన్నాను. "నీకు వేరే పనేమీ లేదు."

సరోజమ్మను కుడి డోరు సందు దగ్గర కూర్చోబెట్టి, నేను ఎడమ వైపుకు పోయాను. బోల్టు వదులయితే అద్దం ఒక్కసారిగా డోరులో పడి పగిలే ప్రమాదం ఉంది. బయట నుంచి దాన్ని పట్టుకునేవాళ్ళు కావాలి. షెడ్డులో దానికి అద్దాన్ని పీల్చి పట్టుకునే రబ్బరు కప్పులు ఉన్నాయి. అవి ఆదోనిలో ఉన్నాయి.

"వీరేశూ, నీ టేపు ఇయ్యి."

"టేపు వాడొద్దంటివి కదన్నా?"

"ఇయ్యప్పా నాయనా."

అద్దానికీ టాపుకూ కలిపి టేపు వేశాను, నా రెండు అరచేతులూ అద్దానికి ఆనించాను. అద్దానికి అవతల శాంత ముఖం, ఇవతల నా ముఖం. నేను చెప్పేది సరోజమ్మకు, సరోజమ్మ చెప్పేది శాంతకు.

"హ్యాండిల్ గుంతలో సిన్న మూత ఉంటుంది, గోరుతో ఎత్తమను."

"పిల్లా, మూత ఎత్తు. నెమ్మదిగా, నాకు అది బెంగుళూరులో కూడా దొరకదు."

"దాని ఎనకాల స్క్రూ."

"స్క్రూ తియ్యి. కింద పారేయొద్దు, మొగుని చేతిలో పెట్టు. ఆయప్ప ఖాళీగా ఉండాడు."

స్క్రూలన్నీ మల్లి చేతిలోకి పోయాయి. ప్యాడును కింది నుంచి లాగమన్నాను. ప్యాడు క్లిప్పులతో నిలబడుతుంది, ఊడేటప్పుడు టప్పు టప్పుమని శబ్దం వస్తుంది. "ఏం ఇరిగింది?" అని నాగమ్మ పరుగెత్తి వచ్చింది. ఏమీ విరగలేదని చెప్పేలోపల లోపలి నుంచి శాంత గొంతు వినిపించింది.

"అక్కా, బియ్యం కారుతాండాయి."

"ఎన్ని?" అన్నాను.

"ఒళ్ళో పడతాండాయి. ఇంకా పడతాండాయి."

"మనకేసినవే," అన్నాడు మల్లి, వంగినచోటి నుంచే. పందిరి కింద ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు పెద్ద ఆసరా అయింది. నవ్వేచోట ఇందాకటి దేవుడి మాట గట్టిపడదు.

బోల్టులు చెప్పాను. మొదటిది వచ్చింది. రెండోది రాలేదు. పానా జారి ఆమె వేలికి తగిలింది, గాజు ఒకటి పగిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంతసేపు ఏ అద్దం పగలకూడదని చూశామో, దానికి బదులు గాజు. ఆమె మాత్రం ఆ ముక్క తీసి మల్లి జేబులో వేసింది. బయటివాళ్ళకు కనపడలేదు. నాకు కనపడింది, నేను నోరు మూసుకున్నాను. పానాను రెండు చేతులతో పట్టుకుని, పండ్లు బిగబట్టి తిప్పింది.

అద్దం నా చేతుల్లోకి వచ్చింది. బరువు తెలిసింది. టేపు మెల్లగా వదులు చేస్తూ కిందికి నెట్టాను. లోపల బియ్యం నలిగే చప్పుడు, కరకరమని. గోరంత దిగింది. ఇంకొంచెం. పై అంచు రబ్బరులోంచి బయటపడింది.

"ఇప్పుడు హ్యాండిల్ లాగమను."

సరోజమ్మ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. శాంత నా నోరు చూసే లాగింది. డోరు తెరుచుకుంది. నేను అద్దం పట్టుకునే పక్కకు జరిగాను.

ఆమె కుడికాలు కింద పెట్టి లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న పసుపు బియ్యమంతా జలజలమని వాకిట్లో, ఆమె పాదాల ముందర పడింది. వెనకాలే మల్లి, చేతి నిండా స్క్రూలతో, వంగిన నడుము ఇంకా పూర్తిగా లేవకుండా.

నాగమ్మ ఆ బియ్యాన్ని చూసింది, పిల్ల చేతికి అంటిన నల్ల గ్రీజును చూసింది. తరువాత వెనక్కి తిరిగి, ఇందాక మాట అన్న ఆడవాళ్ళు నిలబడిన వైపు, గట్టిగా అంది. "బియ్యం ఒళ్ళో ఏసుకునే వచ్చింది నా కోడలు. సూసినారా? ఏందమ్మా నిలబడినారు, నీళ్ళు తిప్పండి."

పళ్ళెం పట్టుకున్న ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. బ్యాండు మోగింది. వీరేశు ఫోటోలకోసం పూలు సర్దాడు. నేను అద్దం చేతుల్లో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో ఎవరికీ గుర్తు లేదు. చివరికి గుంజ వెనక ఉన్న డ్రైవరు వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

అన్నాలు తిన్నాక పందిట్లోనే డోరు బిగిస్తూ వీరేశును అడిగాను. "నల్లది కూడదని, నేను పట్టీ కొలతలు తీసేటప్పుడే సెప్పొచ్చు కదా. నువ్వు అక్కడే ఉంటివి."

"నువ్వు అడగలేదు కదన్నా," అన్నాడు. "ట్యూబు జారకుండా ఆగుతుందా అనే అడిగినావు. ఆగుతుందన్నా."

నేను చేతిలో ఉన్న స్క్రూను ఉండాల్సినదానికంటే గట్టిగా బిగించాను.

తరువాత అదే ట్యూబు పట్టీకి పైన పసుపు గుడ్డ, అంచుకు ఎర్ర గుడ్డ కుట్టించాను. కుట్టింది శాంతే. ఆమె మిషను కోసిగి నుంచి అత్తగారింటికి వచ్చింది. పట్టీ తీసుకోవడానికి పోయినప్పుడు, నాగమ్మ వినకుండా అడిగింది. "అన్నా, లోపల నల్లదే ఉండాది కదా?"

"ఉండాది. ఎవురికీ సెప్పొద్దు," అన్నాను.

ఆ తరువాత ఆ డోరులో ఒక్క గింజ పడలేదు. ఆ పట్టీని ఎవరూ తియ్యలేదు. ఒక పెండ్లిలో పెద్దామె ఎవరో దానికి బొట్టు కూడా పెట్టిందట.

ఈ డోరు దగ్గర నేను నేర్చుకున్నది ఇది. నేను చేసిన పట్టీ మంచిదే. రబ్బరు మంచిది, కొలత సరిపోయింది, గింజ పోలేదు. కాని షెడ్డులో ఆ పట్టీని నేను ఒక్కణ్ణే చూశాను, పెండ్లిలో ఊరంతా చూస్తుంది. బాగు చేసిన వస్తువును దాని చోట ఉండనిచ్చేది నేను కాదు, దాన్ని వాడేవాళ్ళు. ఇప్పుడు ఏ బండి వచ్చినా ప్యాడు విప్పకముందే అడుగుతాను. ఇది ఏ పనికి పోతుంది, దీని మీద ఎవరు చెయ్యి వేస్తారు, వాళ్ళకు ఏది కూడదు. కొందరు విసుక్కుంటారు. నేను పడిన విసుగులో అది పావు వంతు కూడా కాదు.

వీరేశు సంగతి చెప్పకుండా ముగించలేను. పట్టీ పసుపు రంగులో ముద్దుగా ఉందని, ఇప్పుడు పూలన్నీ దానికే గుచ్చుతున్నాడు. నాలుగు పెండ్లిళ్ళకు ఒక పట్టీ చిరుగుతోంది, సరోజమ్మ ఫోన్ చేసి నన్నే తిడుతోంది. గుచ్చనీ. శాంత ఇంకొకటి కుడుతుంది. డోరు మాత్రం తెరుచుకుంటోంది.